డిజైన్ చదువు వల్ల లోకానికి ఏం మేలు? ఆమదాలవలస మాస్టారికి నా జవాబు

మాస్టారూ, మీరు అడిగింది ఇదీ. మీ అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంజనీరింగ్ వద్దు, డిజైన్ చదువుతానంటోంది. ఇంట్లో పెద్దవాళ్ళేమో "చీరల మీద పూలు గీసే చదువుకి లక్షలు పొయ్యాలా" అంటున్నారు. మీ సందేహం వేరు. జీతం సంగతి తర్వాత చూసుకోవచ్చు, అసలు డిజైనర్ల వల్ల లోకం ఏమైనా బాగుపడిందా, వాళ్ళు వెళ్ళిపోయాక వెనక ఏం మిగులుతుంది అని అడిగారు. ఈ ప్రశ్న అడిగే తండ్రులు తక్కువ. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను.

నాదీ శ్రీకాకుళమే. చాలాకాలం వస్తువుల డిజైన్ పని చేశాను, తర్వాత డిజైన్ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. ఈ పనిలో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన విషయం ఒకటుంది. డిజైనర్ చేసిన మేలు ఎంతో ఆ మనిషి అక్కడ లేనప్పుడు తెలుస్తుంది. ఆ వస్తువు చెడిపోతే ఊళ్ళోవాళ్ళు బాగుచేసుకోగలరా? ఇంకొకరు చూసి అలాంటిది చేసుకోగలరా? తమ అవసరానికి తగ్గట్టు మార్చుకోగలరా? వీటికి అవునన్న జవాబు వస్తే ఆ డిజైనర్ లోకానికి ఆస్తి ఇచ్చి వెళ్ళినట్టే. ఇలాంటివి చూడ్డానికి ఇటలీ, జపాన్ పోనక్కర్లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే చూపిస్తాను.

ముందు బోరింగు దగ్గర మొదలుపెడదాం. మీ స్కూల్లోనో, మీ వీధి చివరో ఒకటి ఉండే ఉంటుంది. పిల్లలు హ్యాండిల్‌కి వేలాడి నీళ్ళు కొట్టే ఆ ఇనుప బోరింగు అసలు పేరు ఇండియా మార్క్ టూ. 1960ల చివర్లో, కరువు రోజుల్లో, రాతినేలలో లోతుగా బోర్లు వేసే యంత్రాలు మన దేశానికి వచ్చాయి. యూనిసెఫ్ సాయంతో ఊరూరా బోర్లు పడ్డాయి. కానీ వాటి మీద బిగించిన పంపులు పోత ఇనుపవి. యూరప్, అమెరికా రైతుల పెరట్లో ఒక్క ఇంటివాళ్ళు వాడుకోవడానికి చేసిన నమూనాలకు నకళ్ళు. మన దగ్గర ఒక్కో పంపును ఊరు ఊరంతా తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా కొడుతుంది. హ్యాండిల్ విరిగేది, కీళ్ళు అరిగేవి. నేలలో నీళ్ళుండేవి, పైకి తెచ్చే దారి ఉండేది కాదు. అమ్మలు మళ్ళీ చెరువుకో, ఏటికో బిందెలు పట్టుకుని నడిచేవారు.

దీనికి దారి దొరికింది మహారాష్ట్రలో. జాల్నా, షోలాపూర్ ప్రాంతాల్లో మిషన్ సంస్థల వర్క్‌షాపుల్లో మెకానిక్‌లు తమ ఊళ్ళ అవసరం కొద్దీ ఉక్కు పంపులు చేసుకున్నారు. హ్యాండిల్ ఒకే ఇరుసు మీద ఆడుతుంది. దాని చివర వంపు తిరిగిన పలక, ఆ పలక మీద గొలుసు. గొలుసు ఉండబట్టి లోపలి కడ్డీ పక్కకు ఒరగకుండా నిట్టనిలువుగా పైకీ కిందికీ ఆడుతుంది, అరుగుదల తగ్గుతుంది. 1970ల మధ్యలో యూనిసెఫ్, ప్రభుత్వం, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అనే ప్రభుత్వ రంగ కంపెనీ కలిసి ఈ నమూనాను మెరుగుపరిచాయి. కోయంబత్తూరు వైపు లోతైన బోర్ల మీద పెట్టి పరీక్షించాయి. ఆ తర్వాత చేసిన పనే నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. ఎవరూ పేటెంటు పెట్టుకోలేదు. కొలతలన్నీ జాతీయ ప్రమాణంగా బయటపెట్టారు. ప్రమాణం తప్పకుండా చెయ్యగల ఏ ఫ్యాక్టరీ అయినా చేసుకోవచ్చు. ఒక కంపెనీ వాషర్ ఇంకో కంపెనీ పంపుకి సరిపోతుంది. ఆఫ్రికాలో ఎన్నో దేశాల పల్లెల్లో ఈ రోజుకీ ఇదే బోరింగు కొడుతున్నారు.

అయినా అందులో ఒక ఇబ్బంది ఉండిపోయింది. లోపలి తోలు వాషర్ అరిగితే మార్చడానికి గొట్టాలన్నీ పైకి లాగాలి. దానికి ముక్కాలి స్టాండు, నలుగురు మనుషులు, మండలం నుంచి మెకానిక్ రావాలి. ఆయన వచ్చేదాకా ఊరికి నీళ్ళుండవు. తర్వాతి తరం ఇంజనీర్లు, డిజైనర్లు ఈ ఒక్క ఇబ్బంది మీదే కూర్చున్నారు. మార్క్ త్రీలో కింది గొట్టాన్ని వెడల్పు చేశారు. గొట్టాలు కదపకుండా కడ్డీతో పాటు పిస్టన్ ఒక్కటే పైకి వచ్చేస్తుంది. కొద్దిపాటి పనిముట్లతో, కాస్త శిక్షణతో ఊళ్ళో ఆడవాళ్ళే వాషర్ మార్చుకోగలరు. పైనుంచి చూస్తే రెండు పంపులూ ఒకేలా కనిపిస్తాయి. మీ అమ్మాయికి ఈ రెండిటి తేడా చెప్పండి. "మెకానిక్ కోసం కాచుకోకుండా ఎలా?" అని ఆలోచించి గొట్టం వెడల్పు మార్చడం డిజైన్. మీ ఇంట్లో పెద్దవాళ్ళు అనుకుంటున్న పూల పనికి ఇది చాలా దూరం.

ఇదే కోవలో జైపూర్ కాలు గురించి మీరు వినే ఉంటారు. అంతకుముందు దొరికే కృత్రిమ పాదాలు బూటు వేసుకుని కుర్చీలో కూర్చునే వాళ్ళ కోసం చేసినవి. మన రైతుకి అవి పెట్టుకుంటే గొంతుక్కూర్చోవడం కుదరదు, బాసింపట్టు వేసుకుని భోంచెయ్యడం కుదరదు, పొలం బురదలో దిగడం అసలే కుదరదు. 1968 ప్రాంతంలో జైపూర్‌లో పెద్ద చదువు లేని శిల్పి రామచంద్ర శర్మ, ఎముకల డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రబ్బరు, చెక్కతో అన్ని వైపులా వంగే పాదం తయారుచేశారు. దానికీ పేటెంటు లేదు. డాక్టర్ గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. శర్మ గారి పేరు మాత్రం చాలామందికి తెలియదు. అది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే గొంతుక్కూర్చోవడానికి పాదం ఎక్కడ వంగాలో చేత్తో చేసి చూపించింది ఆయన.

ఇప్పుడు పొందూరు. మీకు దూసి దాటితే పొందూరే కదా. అమ్మాయిని తీసుకుని ఒక రోజంతా అక్కడ గడపండి. షాపులో బట్ట చూసి వచ్చెయ్యకండి, నూలు వడికే ఇళ్ళకు వెళ్ళండి.

అక్కడ వాడే కొండపత్తి, ఎర్రపత్తి మిల్లులకు పనికొచ్చే రకాలు కావు. పింజ, అంటే పత్తి పోగు, పొట్టి. అలాంటి పత్తిలోంచి 100 కౌంటు పైబడిన సన్న నూలు తీస్తారు. 100 కౌంటు అంటే ఒక్క పౌను పత్తిలోంచి, అంటే అర కిలో కూడా లేనిదాన్లోంచి, సుమారు 77 కిలోమీటర్ల దారం రావాలి. ఎలా వస్తుంది? ముందు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ దవడలో సన్నటి పళ్ళు వత్తుగా ఉంటాయి. వాటితో దువ్వితే నలకలు రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకు సర్దుకుంటాయి. తర్వాత చెక్క మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజలు వేరు చేస్తారు. వింటి నారితో ఏకుతారు. ఏకులు గట్టిపడకుండా, దుమ్ము పట్టకుండా ఎండిన అరటి డొప్పలో చుట్టి పెడతారు. ఆ పైన ఒంటి కదురు రాట్నం. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంది, ఎడమ చెయ్యి దారం లాగుతుంది.

ఆ చేప దవడను మొదట పత్తి మీద పెట్టి చూసింది ఎవరో మనకు తెలియదు. ఏ పుస్తకంలోనూ పేరు లేదు. నేను విద్యార్థులకు చెప్పిన డిజైన్ పాఠాల్లో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒక చేప ఎముక, ఖర్చు తక్కువ, పాడైతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు, అమ్మ నుంచి కూతురికి చూపుతోనే పని వచ్చేస్తుంది. ఆ మొదటి మనిషి ఎవరైనా, ఆవిడ పని నేటికీ నడుస్తోంది. ఆవిడ అంటున్నాను, ఎందుకంటే పొందూరులో దువ్వడం, ఏకడం, వడకడం ఆడవాళ్ళ చేతి పనులు.

రాట్నం విషయంలో ఇంకో సంగతి మీ అమ్మాయికి తెలియాలి. 1929లో గాంధీజీ ప్రోత్సాహంతో అఖిల భారత చరఖా సంఘం ఒక పోటీ ప్రకటించింది. మెరుగైన రాట్నం చేసినవాళ్ళకి లక్ష రూపాయల బహుమతి. ఆ రోజుల్లో లక్ష! షరతులు చూడండి. తేలికగా ఉండాలి, ఎత్తుకుపోయేలా ఉండాలి, పల్లెటూరి ఇంట్లో చేత్తోనో కాలితోనో నడవాలి. ఒక ఆడమనిషి పెద్ద శ్రమ లేకుండా 8 గంటలు పని చేస్తే 12 నుంచి 20 కౌంటు నూలు 16,000 అడుగులు రావాలి. ఖరీదు 150 రూపాయలు దాటకూడదు. సకాలంలో మరమ్మతులు చేసుకుంటే 20 ఏళ్ళు పని చెయ్యాలి. ఇప్పుడు డిజైన్ కాలేజీల్లో ప్రాజెక్టు మొదలుపెట్టేముందు రాయించే అవసరాల పత్రం అంటే ఇదే. వాడే మనిషి ఎవరు, ఎక్కడ కూర్చుంటుంది, ఎంత అలిసిపోతుంది, ఎంత కొనగలదు, చెడితే ఏమిటి, అన్నీ అందులో ఉన్నాయి. బహుమతి ఎవరికీ దక్కలేదు. కానీ ఆ ప్రయత్నాలు ఆగలేదు. గాంధీజీ యెరవాడ జైల్లో ఉండగా మడిచి పెట్టెలా మోసుకెళ్ళే చరఖా రూపుదిద్దుకుంది. స్వాతంత్ర్యం తర్వాత తమిళనాడులో ఏకాంబరనాథన్ ఎక్కువ కదుళ్ళ రాట్నం చేశాడు. అదే అంబర్ చరఖా. అయినా పొందూరు సన్న నూలుకి ఈ రోజుకీ ఒంటి కదురు రాట్నమే.

నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు ఈ రాట్నం ముందు కూర్చునే మామ్మల నడుం నొప్పి తగ్గించాలని ఎత్తు పీట చేసుకొచ్చాడు. చూడ్డానికి బాగుంది. మామ్మ ఒకావిడ కాసేపు కూర్చుని, "పీట బాగుంది బాబూ, కానీ చెయ్యి వెనక్కి లాగే కొలత మారిపోతంది, దారం తెగిపోతంది" అంది. వాడు పీట పక్కన పెట్టి ఆవిడ దగ్గరే రోజులకు రోజులు కూర్చున్నాడు. మధ్యాహ్నం పూట తెల్ల దారం వెనక సున్నం గోడ ఉండటంతో ఆవిడకు దారం ఆనడం లేదని, ముందుకు వంగి వంగి చూడటం వల్లే నడుం పట్టేస్తోందని అప్పుడు తెలిసింది. దారం వెనక నల్లగుడ్డ ఒకటి వేలాడదీశాడు. ఆవిడ వంగడం తగ్గింది. పక్కింటివాళ్ళు చూసి వాళ్ళూ కట్టుకున్నారు. వాళ్ళెవరూ వాడి పేరు అడగలేదు. ఆ నల్లగుడ్డకు నేను వాడి తరగతిలో అందరికన్నా ఎక్కువ మార్కులు వేశాను.

ఇక్కడే డిజైనర్ల మీద నాకున్న కోపం కూడా చెప్పాలి. పొందూరు బట్టతో పెద్ద నగరాల్లో డిజైనర్ కుర్తాలు కుట్టి బాగా డబ్బు చేసుకునేవాళ్ళున్నారు. అమ్మకం పెరిగితే మంచిదే. కానీ ఆ ధరలో చిలప నూలు వడికిన మామ్మకు వచ్చేది చాలా కొంచెం. కూలి గిట్టక కొత్తతరం ఆడపిల్లలు రాట్నం ముందు కూర్చోవడం లేదు. 1949 నుంచి అక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది. వడికేవాళ్ళనూ నేసేవాళ్ళనూ ఒక గొడుగు కిందకి తెచ్చి, పత్తి ఇచ్చి, నూలు తీసుకుని, బట్ట అమ్మి పెడుతోంది. నన్నడిగితే ఆ ఏర్పాటు కూడా డిజైనే. పత్తి ఎక్కడి నుంచి రావాలి, డబ్బు ఎవరికి ఎప్పుడు చేరాలి అని ఆలోచించకుండా కొత్త అంచు గీసి ఇచ్చే డిజైనర్ పొందూరుకు చేసేదేమీ లేదు. మీ అమ్మాయి రేపు డిజైనర్ అయ్యాక ఆ ధర చీటీ మీద ఎవరి వాటా ఎంతో అడగడం నేర్చుకోవాలి.

మరొకటి చెప్పాలి. 1958లో భారత ప్రభుత్వం అమెరికా డిజైనర్ దంపతులు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్‌ను పిలిచి మన దేశానికి డిజైన్ విషయంలో ఏం కావాలో చెప్పమంది. వాళ్ళు ఊళ్ళు తిరిగి ఇచ్చిన నివేదికలో అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్న వస్తువు చెంబు. ఎంత నీరు పట్టాలి, నడుం మీద ఎలా ఆనాలి, ఒంపితే ధార ఎలా పడాలి, లోపల చెయ్యి పెట్టి తోమడం కుదురుతుందా, వేడి నీళ్ళు పోస్తే పట్టుకోగలమా, ఇలా ఎన్ని సంగతులు అందులో కుదిరాయో వరసగా రాశారు. ఏ ఒక్కరూ దాన్ని తయారుచెయ్యలేదని, తరతరాల చేతుల్లో ఆ రూపానికి వచ్చిందని వాళ్ళకు అర్థమైంది. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) వచ్చింది. మనకు చెంబులు కావాలంటే సారవకోట మండలంలో బుడితి ఉంది. కంచు, ఇత్తడి పనికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉన్న ఊరు. స్టీలు వచ్చాక అక్కడి పని తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా అలంకరణ సామాను, పూజ సామాను చేస్తున్నారు.

బొబ్బిలి వీణ సంగతి కాస్త వేరు. మన వీణకు 24 స్థిరమైన మెట్లు అమర్చిన ఖ్యాతి 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడిది. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. మెట్లు అలా కుదిరాక ఏ రాగమైనా ఒకే వీణ మీద వాయించుకోవచ్చు. ఆ అమరిక నాలుగు వందల ఏళ్ళుగా చెక్కుచెదరలేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. మెట్లను మైనంలో కుదురుస్తారు. నాకు నచ్చేది ఆ మైనం. కాలం గడిచి అది గట్టిపడి శ్రుతి తప్పితే మైనం తీసి మళ్ళీ వేసి మెట్లు సరిచేసుకోవచ్చు. తాత వాయించిన వీణను మనవరాలు మేళం, అంటే మెట్ల అమరిక, మళ్ళీ కట్టించుకుని వాయిస్తుంది. పారేసే పని లేదు.

ఇప్పుడు గొల్లపల్లిలో బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలు బాగా అమ్ముడుపోతున్నాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పెద్ద వీణ కొనేవాళ్ళు తగ్గిన కాలంలో ఆ కుటుంబాలకు తిండి పెట్టింది చిన్న వీణే. కానీ దుంగ గోడ ఎంత పలచబడితే నాదం పలుకుతుందో చిన్న వీణ చేస్తే తెలియదు. కాబట్టి కుర్రవాళ్ళు చిన్న వీణలతో ఆగిపోకుండా పెద్ద వీణ తొలవడం కూడా నేర్చుకునే దారి ఉండాలి. ఒక డిజైనర్‌కి జీవితాంతం సరిపడా పని అక్కడ ఉంది.

తీరం వైపు వెళ్తే చుట్టిళ్ళు. ఇప్పుడు చాలా తక్కువ మిగిలాయి. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు, చూరు నేలకు బాగా దగ్గరగా దిగి ఉంటుంది. వంగి లోపలికి పోవాలి. గోడ గుండ్రంగా ఉంటే గాలి గుద్దుకోవడానికి వెడల్పాటి ముఖం దొరకదు, చుట్టూ జారిపోతుంది. చూరు దిగువన ఉంటే గాలి కప్పు కిందకి దూరి పైకెత్తడం కష్టం. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో మీరు చూసే ఉంటారు. ఇళ్ళ మీద రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. అంటే అందరం మళ్ళీ చుట్టిళ్ళు కట్టుకోవాలని నేననడం లేదు. తాటాకు మాటిమాటికీ నేయించాలి, నిప్పు భయం, పాముల భయం. తాటాకు నేసేవాళ్ళూ దొరకడం లేదు. పక్కా ఇల్లు కావాలని కోరుకోవడం న్యాయం. కానీ చుట్టిల్లు చెప్పే సంగతి కొత్త ఇంట్లోకి రావాలి. రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వాలుల కప్పు గాలికి బాగా నిలుస్తుంది. చూరు ఎక్కువ బయటికి పెడితే గాలికి పట్టు దొరుకుతుంది. రేకుల అంచుల్లో, మూలల్లో బోల్టులు దగ్గర దగ్గరగా వెయ్యాలి, కప్పును గోడకు, గోడను పునాదికి ఇనుముతో కట్టాలి. వీటికయ్యే ఖర్చు కప్పు మళ్ళీ వేయించుకునే ఖర్చుతో పోలిస్తే కొంచెమే. ఇలాంటివి మేస్త్రీకి అర్థమయ్యేలా బొమ్మల్లో గీసి ఇచ్చే మనిషి మన తీరానికి కావాలి.

ఇక మీరు మాస్టారు కాబట్టి గిడుగు రామమూర్తి పంతులు గారి మాట ఎత్తకుండా ఉండలేను. 1863లో మన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ అక్కడి కొండల్లోని సవర గిరిజనులతో మాట్లాడాలని ఒక సవరవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లల కోసం బడులు పెట్టి, సవర మాటల్నే తెలుగు అక్షరాల్లో పాఠాలుగా రాశారు. 1931లో సవర భాష వ్యాకరణం అచ్చయింది. మరోపక్క తెలుగు పిల్లల వైపు చూసి, ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బళ్ళో రాయించే భాష ఒకటి అయితే పిల్ల ఎలా నేర్చుకుంటుంది అని జీవితమంతా పోరాడారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు ఆయనకు తోడు. ఈ రోజు మీరు ప్రశ్న రాసిన తెలుగు, నేను జవాబు రాస్తున్న తెలుగు, పొద్దున పేపర్లో వచ్చే తెలుగు వాళ్ళ పోరాట ఫలితమే. గిడుగు గారిని ఎవరూ డిజైనర్ అనరు. నేనంటాను. వాడే మనిషి దగ్గర కూర్చుని, ఆ మనిషి నోటికీ చెవికీ చేతికీ సరిపడేలా రాతను మార్చాలన్నారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆయన్ని అడగకుండానే దాన్ని ముందుకు తీసుకెళ్ళారు.

గిడుగు, గురజాడ పేర్లతో తెలుగు ఫాంట్లు కూడా ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటు గియ్యడం ఎంత కష్టమో బయటివాళ్ళకు తెలియదు. ఒత్తులు, గుణింతాలు అన్నీ కలిపి వందల ఆకారాలు గియ్యాలి, ఏ రెండూ పక్కపక్కన పడినా గుద్దుకోకూడదు. అంత పని చేసి లైసెన్సు తెరిచి పెట్టినవాళ్ళ వల్ల ఏదో ఊళ్ళో పెళ్ళి కార్డు వేసే కుర్రాడికి, బడి కరపత్రం వేసే మాస్టారికి ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మంచి అక్షరం దొరికింది.

డిజైన్ ఒక్కటే అన్నీ చేసెయ్యదు, అదీ మీకు చెప్పాలి. బోరింగు ఊరూరా చేరడానికి యూనిసెఫ్ డబ్బు, ప్రభుత్వ నిర్ణయం కావలసి వచ్చాయి. నీళ్ళు పైకి తెచ్చే పంపు ఎంత బాగున్నా ఆ నీళ్ళు తాగడానికి పనికొస్తాయా లేదా అన్నది పంపు చూసుకోదు. కిడ్నీ జబ్బులతో అల్లాడిన ఉద్దానం ఊళ్ళకు బోర్ల మీద ఆధారపడకుండా వంశధార నీళ్ళను పైపుల్లో తేవలసి వచ్చింది. మంచి డిజైనర్ తన పని ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకుని, అక్కడి నుంచి డాక్టర్‌నో, ఇంజనీర్‌నో, పంచాయతీనో కలుపుకుంటుంది. ఈ ఓర్పు లేనివాళ్ళకు ఈ చదువు పడదు.

ఇప్పుడు మీ అమ్మాయి విషయం. ఇంటర్ ఏ గ్రూపు అయినా బీడిజైన్‌కి, అంటే డిజైన్ డిగ్రీకి పోవచ్చు, ఎంపీసీ అయితే వస్తువుల డిజైన్‌లో అక్కరకొస్తుంది. నాలుగేళ్ళ కోర్సు. ఎన్ఐడీలకు డాట్ అనే పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్‌గా ఉంటుంది. మన రాష్ట్రానికీ ఒక ఎన్ఐడీ 2015లో వచ్చింది. ఐఐటీల్లో బీడిజైన్‌కి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, బాంబే, ఢిల్లీ, గువాహటి, హైదరాబాద్ ఐఐటీలు వీటిలో ఉన్నాయి. యూసీడ్ రెండుసార్లకు మించి రాయనివ్వరు, ఎన్ఐడీకి వయసు పరిమితి ఉంది. అందుకని నోటిఫికేషన్ రాగానే ఆ రెండూ చూసుకోండి. బట్టల వైపు మనసుంటే హైదరాబాద్‌లో నిఫ్ట్ అనే ఫ్యాషన్ సంస్థ, నేత సాంకేతికత కావాలంటే వెంకటగిరి చేనేత సంస్థ ఉన్నాయి. ఫీజులు తక్కువ కావు. ప్రభుత్వ సంస్థలో సీటు రాకపోతే ఏ కాలేజీ అయినా సరేనని లక్షలు కట్టేసి చేర్చకండి. ముందు ఆ కాలేజీకి వెళ్ళి వర్క్‌షాపు తెరిచి ఉందో, తాళం వేసి ఉందో చూడండి. పిల్లల చేతులకు చెక్కపొడి, మట్టి, రంగు అంటుతున్నాయో లేదో చూడండి. కంప్యూటర్ గది ఒక్కటే చూపిస్తే అక్కడ చేర్చవద్దు.

కోచింగ్ కన్నా ముందు ఒక పని చేయించండి. గీతల్లేని నోటుపుస్తకం ఒకటి కొనివ్వండి. పొందూరులో రాట్నం, గొల్లపల్లిలో వీణ మెట్లు, మీ వీధిలో బోరింగు, ఇంట్లో వాళ్ళమ్మ వాడే కత్తిపీట. ఒక్కోదాన్ని ఎదురుగా కూర్చుని గియ్యమనండి. బొమ్మ అందంగా రాకపోయినా ఫర్వాలేదు. పక్కనే మూడు సంగతులు రాయమనండి: ఇది చెడితే ఎవరు బాగుచేస్తారు, చేసినవాళ్ళకు ఎంత ముడుతుంది, దీన్ని వాడలేక ఇబ్బంది పడేవాళ్ళు ఎవరు. ఎన్ఐడీ, యూసీడ్ రెండిట్లోనూ చూసి గియ్యడం, గమనించడం పరీక్షిస్తారు కాబట్టి ఈ శ్రమ వృథా పోదు. ఒకవేళ ఈ పని చేస్తుంటే అమ్మాయికి విసుగొస్తే, డిజైన్ వద్దని ఇప్పుడే తెలిసిపోతుంది, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి ఇంకా టైముంటుంది. విసుగు రాకుండా పుస్తకం నిండితే ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ పుస్తకమే చూపించండి. తర్వాత ఆ పేజీల ఫోటోలు ఇక్కడే పెట్టండి మాస్టారూ. పరీక్షకు ఏవి మెరుగుపరచుకోవాలో పేజీ పేజీకీ నేను రాస్తాను.